వగీదా చదువు మీద ఫిర్యాదు

నా భార్య వగీదాను చంపింది ఈ కాలేజీ. ఇందులో చర్చకు చోటు లేదు. ఊళ్ళో అందరికీ ఇదే చెప్పాను, పరామర్శకు వచ్చినవాళ్ళకి ఇదే చెప్పాను, ఆపైన కాగితం మీద రాయించి కింద సంతకం పెట్టాను. ఆరో తరగతి దాకా చదివినవాణ్ణి, సంతకం చేతనవును. నలభై రెండేళ్ళ మనిషిని, పంతొమ్మిదేళ్ళు ఆసుపత్రిలో నిలబడి పనిచేసిన నర్సును, మళ్ళీ చిన్నపిల్లలా పుస్తకాల సంచీ తగిలించి వారానికి మూడు రోజులు మైక్రోబస్సులో నలభై కిలోమీటర్లు రప్పించారు. రప్పించి, పిచ్చివాళ్ళ మధ్య నిలబెట్టి, ఊపిరి ఆడక పడిపోతే ఇంటికి కబురైనా చెయ్యలేదు. ఫిర్యాదులో ఆఖరి వాక్యం అదే. మాకు ఎవరూ కబురు చెయ్యలేదు. పదకొండు గంటలకు విచారణ సంఘం నన్ను లోపలికి పిలుస్తుంది. ఇది నువ్వు రాసిందేనా అని అడుగుతారు. అవునంటే చాలు, ఇబ్తిహాల్ అనే ఆ శిక్షకురాలికి ఇక్కడ కొలువు ఉండదు. ఇప్పుడు పది.

బల్ల ఇనుపది. వరండాకు ఆ చివర నైలు గాలి వస్తుందంటారు గాని ఈ చివరకు ఫినాయిలు వాసనే వస్తోంది. నా పక్కన వగీదా తమ్ముడు రిఫాయీ కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నాడు. తొక్కలు చేతిలోకి ఊసి జేబులో వేసుకుంటున్నాడు. చదువుకున్న చోటు కదా, కింద పారెయ్యకూడదట. ఫిర్యాదు రాసింది వాడే. తహసీలు కచేరీ గుమ్మం ముందు కూర్చుని అర్జీలు రాసి బతికేవాడికి మాటలకు కొదవ లేదు. నేను నాలుగు ముక్కలు చెబితే వాడు నాలుగు పేజీలు చేశాడు. అక్క అంటే ప్రాణం వాడికి. వాళ్ళమ్మ పోయాక వాణ్ణి పెంచింది వగీదాయే.

"బావా, గుర్తుందిగా. ముందు పేరు చెప్పు, ఊరు చెప్పు, తర్వాత ఏడువు."

"నేను ఏడవను."

"ఏడవకపోతే పెళ్ళాం పోయినవాడివని ఎవడు నమ్ముతాడు? కనీసం రుమాలైనా బయటికి తియ్యి."

"తేలేదు."

"నాది తీసుకో. గింజల ఉప్పుంది, దులుపుకో. కళ్ళకి తగిల్తే అవే నీళ్ళొస్తయ్యిలే."

తీసుకున్నాను. ఒళ్ళో పెట్టుకున్నాను. ఎదుటి గోడ వెంబడి ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఈ ఏడాది కొత్తగా చేరడానికి వచ్చిన నర్సులు. పెళ్ళిళ్ళైనవాళ్ళే, ముప్పై దాటినవాళ్ళే, కాళ్ళకు వార్డుల్లో నడిచి నడిచి వెడల్పైన బూట్లు. మామూలు నర్సు చదువు ఎప్పుడో అయిపోయింది వీళ్ళకి. పైన ఇంకో చదువు, మనసు జబ్బులకు ప్రత్యేకం. ఒకామె కళ్ళు మూసుకుని ఏదో వల్లె వేస్తోంది. రోగి ఏమన్నాడు, నేనేమన్నాను, అప్పుడు నాకేమనిపించింది, నేను అనాల్సింది ఏమిటి. నాకు తెలుసు అది. నోట్‌బుక్కులో నాలుగు గడులు గీస్తారు. రోగితో మాట్లాడి వచ్చి, మాట పొల్లు పోకుండా ఆ గడుల్లో రాయాలి. వగీదా మైక్రోబస్సులో ఒళ్ళో పెట్టుకుని రాసేది, అందుకే అక్షరాలన్నీ గుంతల్లో పడ్డట్టుండేవి. తనకు సిగ్గైన మాట అన్నా రాయాలట. దాస్తే సున్నా. మనిషికి సిగ్గు తెప్పించడానికి ఒక చదువు, దానికొక పట్టా అని నేను నవ్వేవాణ్ణి. నవ్వితే తను తలెత్తేది కాదు. ఎందుకెత్తుతుంది, రాసుకోవాలిగా.

ఎందుకు చేరావని ఎవరైనా అడిగితే తను ఒకటే చెప్పేది. పెద్దాసుపత్రిలో ఉండగా ఒక పిల్లను తెచ్చారు, విషం మింగిన పిల్ల, పదిహేడేళ్ళది. అందరూ తిట్టారట. డాక్టరు తిట్టాడు, తల్లి తిట్టింది, స్ట్రెచర్ తోసేవాడు కూడా తిట్టాడు. వగీదా కడుపు కడిగింది, సెలైను పెట్టింది. ఆ పిల్ల కళ్ళు తెరిచి తనకేసి చూసిందట. ఇంటికొచ్చి, ముసుగు తియ్యకుండానే గడప మీద కూర్చుని అంది. "సబ్రీన్ వాళ్ళ నాన్నా, నా చేతులకి అన్నీ వచ్చు. నోటికి ఏదీ రాదు. ఆ పిల్లతో ఒక్క మాట అనలేకపోయాను." నేనేమన్నాను? అన్నం పెట్టమన్నానేమో. గుర్తు లేదు. గుర్తుంది. ములూఖియా ఆకు పులుసు చల్లారిపోయింది అన్నాను.

ఒప్పుకున్నాను మాత్రం. మొగుళ్ళు ఒప్పుకోని ఊళ్ళో ఒప్పుకున్నాను, ఆ మాట ఎవరూ అనరు. ఒకే ఒక్క షరతు పెట్టాను. పిచ్చాసుపత్రి చదువని ఊళ్ళో తెలియకూడదు. మా వైపు దాన్ని పసుపు మేడ అంటారు. గొడవల్లో తిట్టుకునే మాట అది. పసుపు మేడకు పో, నీ కోసం పసుపు మేడలో మంచం వేశారు. ఆ మేడలో పనిచేసే ఆడదాని మొగుడంటే ఇక నన్ను వదులుతారా? కిడ్నీలు కడిగే మిషన్ల చదువని చెప్పమన్నాను. తను చాలాసేపు నా మొహంకేసి చూసి నవ్వింది. "కిడ్నీకైతే మర్యాద, మనసుకైతే సిగ్గూనా?" అంది. అవును అన్నాను. సరే అంది. రెండేళ్ళు మా ఊరు నజ్ అల్ హల్ఫాలో ఆడవాళ్ళు తనను కిడ్నీల గురించి అడిగారు, తను జవాబులు చెప్పింది. అబద్ధం ఆడటం తనకు చేత కాదు. అందుకని కిడ్నీల పుస్తకం ఒకటి తెచ్చుకుని నిజంగానే చదివింది.

ఇబ్తిహాల్ ఇప్పుడు లోపల ఉంది. తలుపుకు గాజు అద్దం, దాని మీద కాగితం అంటించారు. కాగితం అంచున తన భుజం, తెల్లకోటు కనిపిస్తున్నాయి. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల. వగీదా కంటే పద్నాలుగేళ్ళు చిన్న, వగీదాకు పాఠం చెప్పేది. నేను దీన్ని కూడా నవ్వులాటకు వాడాను. నీ గురువుగారికి పాలపళ్ళు ఊడాయా అని అడిగేవాణ్ణి. తను ఇబ్తిహాల్ చెప్పినవన్నీ ఇంట్లో సాధన చేసేది. ఎదుటివాడు మాట్లాడాక వెంటనే జవాబు చెప్పకూడదట. ఊపిరి రెండుసార్లు పీల్చి వదిలేంత సేపు ఆగాలట. పిచ్చివాడు గోడ మీద తేళ్ళున్నాయంటే లేవనకూడదు, ఉన్నాయనీ అనకూడదు, నీకు భయంగా ఉంది కదా అనాలి. నేను నడిపే చేల పంపు చెడిపోయిందని కేకలేసుకుంటూ ఇంట్లోకొస్తే, తను పిండి చేతులతో నిలబడి, రెండు ఊపిర్లు ఆగి, "నీకు చాలా కోపంగా ఉంది" అనేది. ఉంటే, పంపు నువ్వు బాగు చేస్తావా అన్నాను. ఆ రెండు ఊపిర్లే నాకు అసలు పడేవి కావు. ఆ ఖాళీలో నిలబడటం నాకు రాదు. ఏదో ఒకటి అనేసేవాణ్ణి. ఆఖరి రోజుల్లో ఆ ఊపిర్లు పొడుగయ్యాయి. చదువు బాగా వంటబట్టిందనుకున్నాను. అది ఆయాసం.

రిఫాయీ నీళ్ళు తాగి వచ్చాడు. కొత్త నర్సుల్లో ఒకామెను అడిగాడట, లోపల ఎవరెవరున్నారని. "ముగ్గురు. పెద్దమ్మగారు ఒకావిడ, టై కట్టుకున్న డాక్టరు ఒకడు, ఇంకొకడు నాలాటోడే, రాసేవాడు. భయపడకు బావా, రాసేవాడు మన వైపే ఉంటాడు." కూర్చుని మళ్ళీ గింజలు తీశాడు. "పిల్ల బాగా భయపడిందట. భయపడనీ."

గుండె సంగతి రిఫాయీకి తెలుసు, సగం. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి తగ్గిందని తెలుసు. తలుపులాంటిదొకటి గుండెలో ఇరుకైపోయిందని, రోజూ రెండు రకాల మాత్రలు వేసుకుంటుందని తెలియదు. నాకు తెలుసు, మా అమ్మాయి సబ్రీన్‌కు తెలుసు. కాలేజీకి తెలియదు. చేరేటప్పుడు ఆరోగ్యం బాగుందని కాగితం కావాలన్నారు. ఉన్నది రాస్తే చేర్చుకోరు. ఆరోగ్య కచేరీలో మా పినతండ్రి కొడుకు ముద్రలు వేస్తాడు. నేనే వెళ్ళి వేయించుకొచ్చాను. అదొక్కటే తను నన్ను చేతులు పట్టుకుని అడిగింది, అదొక్కటే నేను మారు మాట లేకుండా చేశాను. మంచి చేశానా, చెడు చేశానా? ఫిర్యాదులో ఆ కాగితం మాట లేదు. రిఫాయీకి నేను చెప్పిన నాలుగు ముక్కల్లో అది లేదు.

శుక్రవారాలు రొట్టె కాల్చేది. వారానికి సరిపడా, ఎండలో పొంగించే పెద్ద రొట్టెలు. చదువుకో, కాని ఇంట్లో ఏదీ తగ్గకూడదు అన్నాను, షరతు ఒకటేనన్నాను గాని ఇది రెండోది. పొయ్యి ముందు కూర్చుని ఊపిరి కోసం ఆగేది. చెయ్యి గుండె మీద పెట్టుకునేది కాదు, నేల మీద ఆనించేది. చూశాను. మంచం మీద నుంచి చూశాను. "కాస్త ఆగి చెయ్యరాదూ" అన్నాను. లేచి వెళ్ళలేదు.

ఒక్కరోజు మాత్రం పండగలా ఇంటికొచ్చింది. తనకిచ్చిన రోగి ఫాయిక్ అనే పాత బడిపంతులు. పదకొండేళ్ళుగా నోరు విప్పలేదు. ప్రతి శిక్షణరోజూ ఇరవై నిమిషాలు అతని పక్కన ఊరికే కూర్చోవాలని ఇబ్తిహాల్ చెప్పింది. మాట్లాడించకూడదు, పుస్తకం చదవకూడదు, గడియారం చూడకూడదు. ఎనిమిది సార్లు కూర్చుంది. తొమ్మిదోసారి అతను ఆమె గ్లాసుకేసి చూసి, "నీ టీ చల్లారిపోతోంది" అన్నాడట. ఇంతే. ఈ ముక్క చెప్పడానికి మైక్రోబస్సు దిగి పరిగెత్తినట్టుగా వచ్చింది, గడపలో గోడ పట్టుకుని నిలబడి, ఊపిరి చిక్కాక చెప్పింది. కళ్ళల్లో నీళ్ళు. నేనన్నాను, "ఇంట్లో ఒకడు ఇరవై రెండేళ్ళుగా నోరు నొప్పెట్టేలా మాట్లాడుతున్నాడు, వాడి టీ సంగతి చూడు." తను నవ్వింది. నవ్వి టీ పెట్టింది. ఆ నవ్వు ఏ గడిలో రాసుకుందో తెలియదు. నోట్‌బుక్కు ఇంట్లోనే ఉంది. తెరవలేదు.

ఇబ్తిహాల్‌ను నేను చూసింది ఒక్కసారే, ఖననం రోజున. ఆడవాళ్ళ వెనక, దూరంగా, నల్ల ముసుగు వేసుకుని నిలబడింది. అందరూ వెళ్ళాక ఒక సంచీ తెచ్చి ఇచ్చింది. అందులో వగీదా బూట్లు, నోట్‌బుక్కు. బూట్లు ఎందుకు విడిచిందో నేను అడగలేదు. ఆమె ఏదో అనబోయింది. నేను సంచీ తీసుకుని వీపు తిప్పాను. ఆ తర్వాత మూడో రోజు రిఫాయీ, "అసలు మనకి కబురెందుకు చెయ్యలేదు బావా?" అని అడిగాడు. వాడు అడిగింది ఏడుస్తూ. అవతల మగవాళ్ళు కూర్చుని ఉన్నారు, కాఫీ చేతుల్లో ఉంది, అందరూ నాకేసి చూస్తున్నారు. చెయ్యలేదు అన్నాను. ఒక్క మాట. ఆ మాట మీద వాడు నాలుగు పేజీలు కట్టాడు.

మా వైపు ఫోను సరిగా అందదు. ఇది అందరికీ తెలిసిందే. చెరకు తోటల మధ్య అసలు అందదు. కాలవగట్టు మీద అందుతుంది, హాజీ ఖురైషీ గారి చావడిలో బాగా అందుతుంది. ఆ మంగళవారం నేను చావడిలో ఉన్నాను.

నీళ్ళ వంతు మీద రెండు కుటుంబాలు కొట్టుకున్నాయి. తలలు పగిలాయి. పోలీసుల దాకా పోకుండా పెద్దలు కూర్చుని తేల్చాలి. పంపు నడిపేవాణ్ణి, ఎవరి చేనుకు ఎన్ని గంటలు నీళ్ళు పడతాయో నా అంత తెలిసినవాడు లేడు. అయినా యాభై మూడేళ్ళలో నన్నెవరూ ఆ వరసలో కూర్చోమనలేదు. గుమ్మం దగ్గర నిలబడి అడిగినప్పుడు చెప్పేవాణ్ణి. ఆ రోజు హాజీ తన పక్కన దిండు తట్టి, "ఇటు రా అబూ సబ్రీన్" అని కూతురి పేరు పెట్టి మర్యాదగా పిలిచారు. ఇస్త్రీ చేసిన గలాబియా, మా పొడుగు అంగీ, వేసుకుని వెళ్ళాను. వగీదా పొద్దున్నే ఇస్త్రీ చేసి పెట్టి బస్సెక్కింది. వెళ్ళేముందు, "ఇవాళ ఊపిరి బాగోలేదు, మానేద్దామా అనుకుంటున్నా" అంది. అడిగిందా, చెప్పిందా? నేను మీసం దువ్వుకుంటున్నాను. "నీ ఇష్టం" అన్నాను. నీ ఇష్టం అంటే మా ఇంట్లో వెళ్ళమని.

నా ఫోను కాలవలో పడి తీసినప్పటి నుంచి చెవి దగ్గర వినబడదు. స్పీకరు పెడితేనే వినబడుతుంది. ఎవరు చేసినా పక్కవాళ్ళందరూ వినాల్సిందే. బాగు చేయించుకోమని వగీదా చాలాసార్లు అంది. ఒక పక్షం వాడు లేచి ప్రమాణం చేస్తుండగా మోగింది. ఎత్తాను. ఆడగొంతు, తొందరగా, గట్టిగా. "మానసిక ఆరోగ్య ఆసుపత్రి నుంచండీ, బక్రీ గారేనా?" చావడిలో ఇరవై మంది. ప్రమాణం చేసేవాడు కూడా ఆగాడు. నా వేలు దానంతటదే నొక్కింది.

"ఎవర్రా అది, పసుపు మేడ వాళ్ళా?" అన్నాడు ఎదుటి వరసలో ఒకడు. "బక్రీ, నీ మంచం ఖాళీ అయిందంటనా?"

"నీళ్ళ లెక్కలేసీ వేసీ బుర్ర వేడెక్కింది పాపం, మంచం ముందే చెప్పుకున్నట్టున్నాడు."

"రాంగ్ నంబర్" అన్నాను. నవ్వారు. హాజీ కూడా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే మళ్ళీ మోగింది. ఎత్తకపోతే అనుమానిస్తారనుకున్నాను, అంతే, ఎత్తాను. "పెట్టెయ్యకండి, మీ భార్యకి..." నొక్కేశాను. ఇక్కడ ఆగాలి. ఇక్కడే ప్రతి రోజూ ఆగుతున్నాను. మీ భార్యకి అనే మాట వినబడలేదని చెప్పుకుని చూశాను. వినబడింది. ఇరవై మందికీ నవ్వుల్లో వినబడలేదేమో, నాకు వినబడింది. విన్నాక నొక్కాను. నొక్కడానికి ముందు విన్నాను. మూడోసారి మోగితే ఎత్తకుండానే కట్ చేసి, ఫోను మొత్తం ఆపేసి, గలాబియా జేబులో వేసుకుని, తూర్పు చేనుకు ఏడు గంటలు, పడమటి చేనుకు అయిదు, వేసవిలో మార్చుకోవాలి అని చెప్పాను. ఆ రోజు చాలా బాగా మాట్లాడాను. రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. హాజీ నా భుజం మీద చెయ్యి వేశారు. సాయంత్రం అసర్ నమాజు దాకా ఫోను ఆపే ఉంచాను.

మిగతాది సబ్రీన్ చెప్పింది, తనకు వగీదాతో చదివే నర్సు చెప్పింది. వార్డులో పడిపోతే ఇబ్తిహాలే ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడి డ్యూటీ డాక్టరు ఎక్కడినుంచి తెచ్చారని అడిగాడు. మానసిక వార్డు నుంచి అనగానే రోగి అనుకున్నాడు. వగీదా కోటు ఆటోలోనే ఉండిపోయింది. నరాల ఆందోళన అని సూది వేయించి మూలన పడుకోబెట్టాడు. ఇబ్తిహాల్ పోట్లాడింది, ఈమె నర్సు, ఇది గుండె అంది. గుండె జబ్బుందా, ఏం మందులు వాడుతుంది అని అడిగాడు. ఇబ్తిహాల్‌కు తెలియదు. కాగితంలో ఆరోగ్యం బాగుందని ముద్ర ఉంది. వగీదాకు మాట రావడం లేదు. ఆ మందుల పేర్లు నాకు కంఠతా వచ్చు. పట్నం వెళ్ళినప్పుడల్లా నేనే కొనేవాణ్ణి.

తలుపు తెరుచుకుంది. ఇబ్తిహాల్ బయటకు వచ్చింది. నన్ను చూసింది. తల వంచి సలాం చేసి వరండా చివరకు నడిచింది. కొత్త నర్సులు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు, జబ్బు మనిషికి ఇచ్చినట్టు. వెనకాలే నౌకరు సిద్కీ టీ గ్లాసుల పళ్ళెంతో వచ్చాడు. రిఫాయీ వాడికి గుప్పెడు గింజలు పోశాడు.

"ఏమంది సిద్కీ బాబాయ్?"

"ఏమంటుందయ్యా. ఫోను చేశావా అనడిగారు. మూడుసార్లు చేశానంది. మరి ఇంటాయన కబురే రాలేదని రాశాడే అన్నారు. ఆ ఊళ్ళో సిగ్నలు అందదండి, కలవలేదు అంది. కలవకపోతే మనిషిని పంపొద్దా అన్నారు. తప్పు నాదేనండి అంది."

"దొరికిపోయింది" అన్నాడు రిఫాయీ.

"దొరికిపోయిందంటే దొరికిపోయింది. ఆయన సంతకం ఖాయమంటే ఆ పిల్ల మళ్ళీ పాఠం చెప్పదు. ఎక్కడో ఎడారి డిస్పెన్సరీకి పంపుతారు. మంచి పిల్లయ్యా, నాకు టీలో పంచదార తగ్గించమని రోజూ చెబుతుంది." గింజ ఒకటి కొరికి వెళ్ళిపోయాడు.

కలవలేదు అంది. కలిశాయి. రెండుసార్లు ఎత్తి నొక్కేశానని తెలుసు, రెండోసారి వేలు నొక్కేలోపు నవ్వులూ విని ఉంటుంది. కొలువు పోతుందని తెలిసీ దాచింది. ఎవరి కోసం? నన్ను చూసి జాలిపడమని దీన్ని ఎవరడిగారు? రోగి ఏమన్నాడు, నేనేమన్నాను, ఏమనిపించింది. దాస్తే సున్నా అని వగీదాకు నేర్పింది ఇదే పిల్ల కదా, మరి ఇప్పుడెందుకు దాచింది? నాకు చెమట పట్టింది. రుమాలుతో తుడుచుకుంటే ఉప్పు కళ్ళల్లో పడింది. రిఫాయీ నా వీపు నిమిరాడు. "అదీ, అలాగే లోపలికి రా బావా." వాడి చెయ్యి వెచ్చగా ఉంది. అక్క చెయ్యిలాగే పొట్టి వేళ్ళు. అవునంటే చాలు. నాది, నేనే రాశాను, మాకు ఎవరూ కబురు చెయ్యలేదు. ఎవరికీ తెలియదు. ఆ ఇరవై మందికీ అది రాంగ్ నంబర్. ఈ పిల్లకు తెలుసు, ఈ పిల్ల చెప్పదు. చెప్పదని తెలిశాక తప్పించుకునే దారి ఇంత వెడల్పుగా ఉంది, బండి తోలుకుపోవచ్చు. ఇంటికెళ్ళి పడుకోవచ్చు. పడుకుంటే వేలు దగ్గర మొదలవుతుంది. కుడిచేతి బొటనవేలు.

పేరు పిలిచారు. రిఫాయీ కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు, దగ్గరి చుట్టం నిలబడవచ్చట. పెద్దమ్మగారు నన్ను కూర్చోమన్నారు. కూర్చోలేదు. రాసేవాడు కాగితం చదివాడు. నాలుగు పేజీలూ చదివాడు. రిఫాయీ రాసిన మంచి మాటలన్నీ ఆ గదిలో ఒక్కొక్కటే పడ్డాయి, ఆ నిర్లక్ష్యం, ఆ కఠిన హృదయం, దిక్కులేని భర్త.

"ఇది మీరు రాసిందేనా?" అన్నారు ఆవిడ.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఆ గదిలో ఎవరూ తొందరపెట్టలేదు. తర్వాత చెప్పాను. "సంతకం నాది. ఆఖరి వాక్యం అబద్ధం. ఫోను మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ నేనే కట్ చేశాను. రెండోసారి మీ భార్యకి అని విని కట్ చేశాను. పిచ్చాసుపత్రి పేరు పదిమందిలో వినబడిందని సిగ్గుపడి కట్ చేశాను. ఆమెకు గుండె జబ్బని, ఏం మందులో నాకు తెలుసు. ఆరోగ్యం కాగితం మీద దొంగముద్ర నేనే వేయించాను. ఆ పిల్ల తప్పేమీ లేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను."

టై కట్టుకున్న డాక్టరు కలం కింద పెట్టాడు. రాసేవాడు, "కొంచెం నెమ్మదిగా చెప్పండి, మొదటి నుంచి" అన్నాడు. మొదటి నుంచి చెప్పాను. ఒక్కో మాట ఆగి ఆగి, అతను రాసేదాకా ఆగి చెప్పాను. దొంగముద్ర విషయం వేరే కచేరీకి పంపాలి అన్నారు. పంపుకోమన్నాను. సంతకం పెట్టాను. వెనక్కి తిరిగితే రిఫాయీ తలుపుకు ఆనుకుని ఉన్నాడు. వాడి మొహం చిన్నప్పటి మొహంలా అయిపోయింది.

"మందుల పేర్లు నీకు తెలుసు" అన్నాడు.

"తెలుసు."

"నన్ను కూర్చోబెట్టి రాయించావు. కబురు చెయ్యలేదని నా చేత్తో నన్ను రాయనిచ్చావు."

"రాయనిచ్చాను."

వాడు చెయ్యి చాచాడు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండేది. రుమాలు అడిగాడు. ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. బస్సు స్టాండు దాకా వాడి వెనకాల నడవకూడదని కాసేపు వరండాలో నిలబడ్డాను.

ఇబ్తిహాల్ వచ్చింది. సిద్కీ చెప్పేసి ఉంటాడు. ఏడ్చినట్టుంది గాని ఇప్పుడు ఏడవడం లేదు. "మీరు చెప్పక్కర్లేదు" అంది.

"నువ్వెందుకు దాచావు?"

ఆగింది. రెండు ఊపిర్లు. నాకు తెలుసు ఆ ఊపిర్లు ఎక్కడివో. "ఆవిడ పోయిన వారానికే కాలేజీలో అడిగారు, మీ మీద ఆ బరువు పెట్టే ధైర్యం నాకు లేకపోయింది. తర్వాత ఆలస్యమైపోయింది. అది నా తప్పే."

"నా బరువు నువ్వెవరివి మొయ్యడానికి?"

జవాబు చెప్పలేదు. కదలనూ లేదు. ఆ ఖాళీలో ఏదో ఒకటి అనేసే అలవాటు నాది, ఈసారి అనలేదు. కొత్త నర్సులను లోపలికి పిలుస్తున్నారు, బూట్ల చప్పుడు. చివరికి తనే అంది. "మంగళవారాలు పది నుంచి పన్నెండు దాకా నేను ఇక్కడే ఉంటాను. మీరు మాట్లాడక్కర్లేదు. వచ్చి ఊరికే కూర్చోవచ్చు. వగీదా అక్క ఆటోలో, ఆఖర్న..."

"చెప్పొద్దు."

"మీ గురించే అంది."

"చెప్పొద్దన్నాను."

ఆగిపోయింది. ఆ మాట మంచిదైతే దానికి నేను తగను, చెడ్డదైతే నాకు ముందే తెలుసు. వగీదా ఏమందో వినే హక్కు ఫోను చివరిదాకా విన్నవాడిది. రానని చెప్పాను. మంగళవారం గాని మరో వారం గాని రాను. సబ్రీన్ అడిగితే ఒకసారి చెబుతాను, విచారణలో చెప్పినట్టే, అంతకు మాట ఎక్కువ కాదు, తక్కువ కాదు. హాజీ చావడిలో వాళ్ళంతట వాళ్ళే వింటారు, రాసేవాళ్ళకి బంధువులుంటారు. రిఫాయీ ఎప్పటికైనా గుమ్మంలోకి వస్తే కూర్చోమంటాను, రాకపోతే పిలవను. క్షమించమని ఎవరినీ అడగను. క్షమించానని ఎవరైనా అంటే వాళ్ళ మొహం చూడను. చెప్పాల్సిన చోట చెప్పాను, రాసుకున్నారు, కింద నా సంతకం ఉంది. ఈ సంగతి ఇక నా నోట రాదు.